ఖాసిం చాచా ఆదివారాలు

నిన్న తలంటుకోవడానికి కుంకుడుకాయలు నానబెట్టి పిసుకుతుంటే ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసనకు చాలామందికి పండగో, అమ్మ చేతి తలంటో గుర్తొస్తుందంటారు. నాకు మాత్రం గద్వాల దగ్గరి నూలు మిల్లూ, అందులోని కంప్రెసర్ గదీ, ఖాసిం చాచా గుర్తొస్తారు. తల సగం రుద్దుకుని అలాగే కూర్చుండిపోయాను. నురుగు కంట్లోకి జారింది. ఏడవడానికి ఓ సాకు దొరికింది.

మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. పెబ్బేరు మనిషి. యంత్రాలకు గాలిని ఒత్తిడితో పంపే కంప్రెసర్లను ఆ మిల్లులో ముప్పై ఏళ్లు నడిపారు. నేనప్పుడు పాలిటెక్నిక్ పూర్తిచేసి, వనపర్తి నుంచి రోజూ బస్సులో వెళ్లొచ్చే ట్రైనీని. మిల్లు ఓ పెద్ద కంపెనీది, ఇలాంటివి దానికి ఇంకా చాలా ఉన్నాయి. కరెంటు వాడకం తగ్గించమని హైదరాబాదు ఆఫీసు నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు వచ్చేవి. మా వాళ్లు వరండాలో రెండు లైట్లు ఆర్పి, ఫ్యాను స్విచ్చుల పక్కన కాగితాలు అంటించి చేతులు దులుపుకునేవారు. చాచా ఆ కాగితాలు చూసి నవ్వేవారు. అసలు కరెంటు పోతున్నది గోడల వెంట పాకిన గాలి గొట్టాల్లోనని ఆయనకు తెలుసు.

ఆదివారం యంత్రాలన్నీ ఆగుతాయి. గాలి వాడుకునేవాళ్లే ఉండరు. అయినా కాసేపటికోసారి కంప్రెసర్ దానంతటదే గుర్రుమని లేచేది. తినేవాళ్లు లేని ఇంట్లో పొయ్యి ఎందుకు మండుతోందో చెప్పమని ఆయన నన్ను అడిగారు. అప్పుడు కుంకుడు నురుగు డబ్బా, పాత పెయింటు బ్రష్షు చేతికిచ్చి గొట్టాల వెంట నడిపించారు. నురుగు రాసిన జాయింటు దగ్గర బుడగలు లేస్తే అక్కడ గాలి కారుతున్నట్టు.

“గాలి ఉత్తగ రాదు బిడ్డా. కరెంటే గాలైతది. గిట్ల కారుతుంటే మీటరు తిరుగుతనే ఉంటది,” అన్నారు.

నన్నెందుకు వెంటేసుకుని తిరుగుతున్నారో కొన్ని వారాలకు గాని అర్థం కాలేదు. ఒకసారి పైకప్పు కింద ఓ జాయింటు బుస్సుమంటోంది. ఆయన సరిగ్గా దాని కిందనే నిలబడి, ఏమీ లేదన్నట్టు ముందుకు నడిచారు. పిలిచాను, తిరిగి చూడలేదు. భుజం తట్టి చూపిస్తే ముఖం చిన్నబోయింది. తడిచేసుకున్న చెయ్యి గొట్టానికి దగ్గరగా పెట్టి, చల్లగా తగిలిన చోటును పట్టుకుంటూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారట. చేతికందని వాటికి చెవులే కావాలి.

“నా చెవులు ఈ మిషన్లకే పోయినయి. ఆఫీసోళ్లకు తెలిస్తే ఇంటికి పొమ్మంటరు. నువ్వు జర విని చెప్పు, నేను బంద్ చేస్త.”

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆ మాట తప్పలేదు. అంతకంటే పెద్ద తప్పే చేశాను.

ఏడాది తిరిగేసరికి కారే చోట్లన్నీ మూశాం. యంత్రాల దగ్గర పనిచేసే ఆడవాళ్లను రోజూ అడిగి, నూలు తెగడం లేదని తెలుసుకుంటూ, చాచా గాలి ఒత్తిడిని కొంచెం కొంచెంగా దించారు. మూడు కంప్రెసర్లలో ఒకదాన్ని పూర్తిగా ఆపేశాం. హైదరాబాదు ఆఫీసు నివేదిక అడిగింది. అందులో తన పేరు కూడా రాస్తావా అని చాచా సిగ్గుపడుతూ ఒకేఒక్కసారి అడిగారు. రాస్తానన్నాను. తీరా చూస్తే ఫారంలో ఒక్క పేరుకే చోటుంది. నా పేరు రాశాను. చివర, ఇంకా ఏం తగ్గించవచ్చని ఓ ప్రశ్న. ఖాళీగా వదలడం ఇష్టంలేక, ఇక కంప్రెసర్లను ఆఫీసు గదిలోని ప్యానెల్ నుంచే నడపవచ్చు, కంప్రెసర్ గదిలో మనిషి అక్కర్లేదని రాసేశాను. పరీక్షలో మార్కుల కోసం రాసినట్టు రాశాను. ఆ మనిషి ఎవరో ఆలోచించనే లేదు.

నన్ను మెచ్చుకుని ఇంజనీరును చేశారు. రెండు నెలల్లో చాచా పోస్టు తీసేశారు. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుంది. మిల్లులోనే వేరే పని ఇమ్మని అడిగితే చెవుల పరీక్షకు పంపారు. ఆ తర్వాత ఎవరూ ఆయన్ని పిలవలేదు.

పెబ్బేరులో వాళ్లింటికి వెళ్లడానికి నాకు మూడు నెలలు పట్టింది. మెల్లగా చెప్పుకోవాల్సిన మాటను గడపలో కూర్చుని అరిచి చెప్పాల్సి వచ్చింది. ఆయనకు వినబడలేదు. భార్య చాచీ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, నీ నౌకరి ఈ పిల్ల రాతతోనే పోయిందంటుంది అని గట్టిగా చెప్పింది. దారినపోయే ఇద్దరు ఆగి చూశారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

“నీ తప్పు లేదనను బిడ్డా. రాసే ముందు నన్నొక్క మాట అడగకపోతివి,” అన్నారు చాచా. చాచీ చాయ్ తెచ్చాక మళ్లీ ఆయనే అడిగారు. “ఐతారం ఇప్పుడెవరు తిరుగుతున్రు?”

ఆదివారాలు ఎవరూ తిరగడం లేదని తల అడ్డంగా ఊపాను. దానికి అరవాల్సిన పని లేకపోయింది.

ఆయన పోయిన సంగతి నాకు పదిరోజులు ఆలస్యంగా తెలిసింది. కడసారి చూపు కూడా దక్కలేదు. ఆ దుఃఖం ఇప్పటికీ తీరలేదు. ఇప్పుడు ఏ కాగితం రాయాలన్నా ముందు యంత్రం దగ్గరికే వెళ్తాను, దాన్ని నడిపే మనిషిని అడుగుతాను. అడిగిన ప్రతిసారీ, అడగని ఆ ఒక్కసారి గుర్తొస్తుంది.

మొన్న కంపెనీ మిల్లులన్నింటిలో ఆదివారం గాలి తనిఖీ పెట్టాలని నిర్ణయించారు. పద్ధతి నన్నే రాయమన్నారు. అది ఎవరి ఆలోచన అని అడిగే గడిలో ఆయన పేరు కొట్టాను. కంప్యూటరు ఉద్యోగి నంబరు అడిగింది. పాత హాజరు పట్టీల్లో వెతికి ఆయన నంబరు వేస్తే, అలాంటి ఉద్యోగి లేరని చూపించింది. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ అదే. ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఇప్పుడు పనిలో ఉన్నవాళ్ల నంబరే వేయాలన్నారు. సాయంత్రంలోగా పంపకపోతే తనిఖీ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

ఆయన పేరు చెరిపి, నా పేరూ నంబరూ వేశాను. వెంటనే తీసుకుంది.