వద్దండీగారి ఇళ్ళ బేరం

అద్దె ఇల్లు చూపించడానికి తీసుకెళ్ళి, తాళం తీయకముందే "ఈ ఇల్లు మీకు వద్దండీ" అనే బ్రోకరు లోకం మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. పగలు ఆఫీసులో గుమాస్తా, సాయంత్రాలు ఇళ్ళ బ్రోకరు. అసలు పేరు ఆఫీసు హాజరుపట్టీలో ఉందేమో గానీ, వీధిలో మాత్రం ఆయన వద్దండీగారే.

నాలుగు రాళ్ళు అదనంగా వస్తాయని భార్యే ఈ పనిలో దింపింది. ఏడు నెలల్లో మూడు జతల చెప్పులు అరిగాయి. ఇల్లు మాత్రం ఒక్కటీ కుదరలేదు.

"నెలాఖరులోగా ఒక్కటైనా కుదర్చండి. లేదంటే సాయంత్రాలు మా అన్నయ్య సిమెంటు కొట్లో కూర్చోండి" అని ఆవిడ తేల్చేసింది. వద్దండీగారికి గుండె జారింది. ఆ బావగారు నోరు విప్పితే కొట్టు మూసేదాకా మూయరు.

మొగుడి మీద నమ్మకం చాలక ఆవిడ కూడా వెంట బయలుదేరింది. మొదటి రోజే ఒకాయన అద్దె ఎంతో అడిగి, గుటక మింగి, గోడల్ని మెచ్చుకుంటూ నిలబడిపోయాడు.

"గోడల్ని నమ్మకండి. నిండా నల్లులే!" అన్నాడు వద్దండీగారు.

"నల్లులా? అమ్మో! నాకు నచ్చింది గానీ, మా ఇంట్లో ఒప్పుకోరండీ" అంటూ ఆయన దర్జాగా వెళ్ళిపోయాడు.

"మొన్న రంగు వేసిన గోడల్లో నల్లులేమిటండీ? మతి గానీ పోయిందా?" అని విరుచుకుపడింది భార్య.

"అద్దె వినగానే ఆయన మొహం చూడలేదా? మీ వల్ల కాదని మనమెలా అంటామే?"

ఆవిడ తల పట్టుకుంది. ఈ మనిషితో కాపురమైతే చెయ్యొచ్చు గానీ వ్యాపారం చెయ్యలేమని ఆరోజే అర్థమైంది.

నెల ఆఖరి రోజున ఆయన ఆఫీసులో ఇరుక్కుపోయాడు. ఇంతలో కొత్త జంట ఒకటి వచ్చింది. ఆవిడే తాళాలు తీసుకుని వాళ్ళను మూడో అంతస్తు ఎక్కించింది. కుర్రాడికి ఇల్లు తెగ నచ్చేసింది. కుళాయి తిప్పి చూశాడు, కిటికీ తీశాడు, అడ్వాన్సు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. అతని భార్యకు ఏడో నెల. మెట్టు మెట్టుకూ ఆగి గోడ పట్టుకుంది, పైకొచ్చినా ఇంకా రొప్పుతూనే ఉంది. మొగుడి సంబరం చూసి పెదవి మాత్రం విప్పలేదు.

చేతిదాకా వచ్చిన బేరం. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. ఆవిడ ఆ అమ్మాయి వైపు చూడకూడదనుకుంటూనే చూసింది.

"ఈ ఇల్లు మీకు వద్దండీ. నీళ్ళు రావు" అనేసింది.

వంటగదిలో కుర్రాడు తిప్పిన కుళాయి ధారగా పోతూనే ఉంది.

"అవునండీ, నీళ్ళు రాకపోతే కష్టం" అంది ఆ అమ్మాయి గబుక్కున.

కుర్రాడు కుళాయి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చాడు. "కింది అంతస్తులో ఏదైనా ఖాళీ అయితే చెప్పండమ్మా" అన్నాడు.

వాళ్ళు అటు దిగారో లేదో, ఇటు వద్దండీగారు ఆయాసపడుతూ వచ్చాడు.

"కుదిరిందా?"

"లేదు. నీళ్ళు రావని చెప్పాను."

మెట్ల మీద గోడ పట్టుకుని దిగుతున్న ఆ అమ్మాయిని చూసే వచ్చాడేమో, ఆయనకు విషయం తెలిసిపోయింది. భార్యను చూసి మురిసిపోయాడు. అంతలోనే గడువు గుర్తొచ్చి నీరుగారిపోయాడు. "సరే, రేపటి నుంచి మీ అన్నయ్య కొట్టుకు వెళతాలే" అన్నాడు.

"ఆ కొట్టు మీకు వద్దండీ" అంది ఆవిడ తాళం వేస్తూ. "అక్కడ గాలి ఆడదు."