పెద్దకోర్టుకు మళ్ళీజడ్జిగారు

జిల్లా కోర్టు మూడో హాల్లో కూర్చునే జడ్జిగారికి ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలి. ఒక్కసారి చెబితే ఆయన లెక్కలో చెప్పినట్టే కాదు. సాక్షి నోరు తెరిచి మూసేలోగా తల వంచి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ, ఎంతో మర్యాదగా "మళ్ళీ చెప్పండి" అనేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు గుమ్మం పక్కన పలక మీద ఉండేది గానీ, దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు. ప్లీడర్లకూ, కక్షిదారులకూ, గేటు ముందు టీ అమ్మే మనిషికీ ఆయన మళ్ళీజడ్జిగారు.

ఈ "మళ్ళీ" కింద పడి అందరికన్నా ఎక్కువ నలిగినవాడు ఆయన బెంచి క్లర్కు. జడ్జిగారికి ఒక మెట్టు దిగువన బల్ల వేసుకుని కేసులు పిలవడం, కాగితాలు అందించడం అతని ఉద్యోగం. మిగతా హాళ్ళకు అయిదింటికి తాళాలు పడేవి. మూడో హాలు మాత్రం ఆరున్నరకు గానీ లేచేది కాదు. అయిదుంపావుకు అతని వీధి మీదుగా వెళ్ళే బస్సు ఒకటుంది. పదకొండేళ్ళుగా హాలు కిటికీలోంచి అతను ఆ బస్సు వెనకభాగం తప్ప ముఖం చూసి ఎరగడు.

"నిజం చెప్పండి, కోర్టయ్యాక ఎక్కడికి వెళ్తున్నారు?" అని భార్య నిలదీసేది.

"ఎక్కడికీ లేదే! ఒకటే సాక్ష్యం రెండుసార్లు విని వస్తున్నాను" అనేవాడు.

ఆవిడ నమ్మేది కాదు. పైకి చెప్పాక అతనికే అదంత నమ్మేలా అనిపించేది కాదు.

ఒకసారి తాళాలు బాగుచేసే ముసలాయన సాక్ష్యానికి వచ్చాడు. "మళ్ళీ చెప్పండి" వినగానే, అయ్యో పాపం, జడ్జిగారికి చెముడు కాబోలనుకున్నాడు. గొంతు పెంచాడు. జడ్జిగారు ఇంకోసారి "మళ్ళీ" అన్నారు. ఈసారి బోనులో రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, అవతలి గట్టు మీదివాణ్ణి పిలిచినట్టు కేక పెట్టాడు. అయిదు నిమిషాల్లో పక్క హాలు జడ్జి దగ్గర్నుంచి చీటీ వచ్చింది: "మీ సాక్షి చెప్పేదంతా నా కేసులో నమోదైపోతోంది. దయచేసి తగ్గించండి."

ఇంకోసారి ఒక సైకిళ్ళ దొంగ దొరికాడు. "నేను తీయలేదండీ" అన్నాడు. "మళ్ళీ చెప్పండి" అన్నారు. "తీయలేదండీ." "మళ్ళీ చెప్పండి." దొంగ చేతులెత్తేశాడు. "సరే సార్, తీశాను. ఇంకోసారి అడిగారంటే పోయినేడాదిది కూడా చెప్పేస్తాను" అన్నాడు. జడ్జిగారు కంగారుపడిపోయి, "వద్దు వద్దు, ఎవరూ అడగలేదు! ముందు మీ ప్లీడరుతో మాట్లాడుకోండి" అని బతిమాలుకున్నారు.

ఇంట్లోనూ ఇదే వరస. బావమరిది ఫోన్ చేసి, "బావా, నాకు కూతురు పుట్టింది!" అన్నాడట.

"మళ్ళీ చెప్పు."

"కూతురు పుట్టింది బావా!"

"మళ్ళీ చెప్పు."

"మళ్ళీ పుట్టలేదు బావా, ఒక్కతే!"

ఇంత గోలలోనూ నొసలు ముడవని మనిషి ఆ హాల్లో ఒక్కరే ఉండేవారు. జడ్జిగారి కుడిపక్కన కూర్చుని సాక్ష్యాలన్నీ షార్ట్‌హ్యాండులో రాసే స్టెనోగారు. ఎవరేమన్నా తల ఎత్తేవారు కాదు. పెన్సిలు తన దారిన తాను పోతూ ఉండేది. ఈవిడ ఓర్పులో సగమున్నా బాగుపడేవాణ్ణని క్లర్కు అనుకునేవాడు.

ఇలా ఉండగా రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానంలో, అంటే అందరూ పెద్దకోర్టు అనేచోట, ఒక న్యాయమూర్తి రిటైరయ్యారు. ఆ కుర్చీ ఏడు నెలలుగా ఖాళీగా ఉంది. దాని ముందుకు వెళ్ళాల్సిన ఫైళ్ళు గదులు నిండి వరండాలోకి వచ్చాయి. చివరికి ముగ్గురు సభ్యుల ఎంపిక సంఘం కూర్చుని, జిల్లా జడ్జీల్లోంచి అయిదు పేర్లు తీసింది. అందులో మళ్ళీజడ్జిగారి పేరుంది. దరఖాస్తు ఆయన పెట్టింది కాదు, ఆయన భార్య నింపింది. సంతకానికి ముందు ఇదేమిటని ఆయన అడగడం, ఆవిడ చెప్పడం, మళ్ళీ చెప్పమనడం, ఆవిడ మళ్ళీ చెప్పడం అన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి.

ఈ వార్త విన్న రోజు క్లర్కు ఇంటికి స్వీట్లు పట్టుకెళ్ళాడు.

"మీకేమైనా ప్రమోషనా?" అంది భార్య.

"నాకు కాదు, ఆయనకి. ఆయన వెళ్తే నేను బస్సెక్కుతాను."

ఆనాటి నుంచి జడ్జిగారి పదవి అతనికి సొంత పని అయిపోయింది. ఆయన తీర్పులన్నీ తేదీలవారీగా కట్టలు కట్టాడు. నల్లకోటుకు ఊడిన గుండీ తనే కుట్టాడు. వరండాలో ఎవరు ఎదురైనా "మా జడ్జిగారిలాంటివారు ఉండరండీ" అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు.

అంతలో పానకంలో పుడక పడింది. ఎంపిక సంఘానికి సంతకం లేని ఉత్తరం ఒకటి అందింది: "ఒక్క మాటా చెవిన పడని మనిషిని పెద్దకోర్టులో కూర్చోబెడతారా?" సంఘంవారు వెంటనే చెవుల పరీక్ష చేయించుకుని నివేదిక పంపమన్నారు.

డాక్టరు దగ్గరికి క్లర్కే తీసుకెళ్ళాడు. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు గొట్టాలు తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. జడ్జిగారు ప్రతి చప్పుడుకీ చెయ్యెత్తారు. డాక్టరు యంత్రం తగ్గించాడు, ఎత్తారు. ఇంకా తగ్గించాడు, ఎత్తారు. చివరికి యంత్రం ఆపేసినా ఎత్తారు.

"ఇప్పుడేం వినిపించిందండీ?" అన్నాడు డాక్టరు నోరెళ్ళబెట్టి.

"పక్కగదిలో నర్సమ్మగారు, ఈ ముసలాయన ఎప్పుడు కదులుతాడో అంటున్నారు."

డాక్టరు నివేదిక మీద సంతకం పెడుతూ, "సార్, మీ చెవులు భేషుగ్గా ఉన్నాయి" అన్నాడు.

"మళ్ళీ చెప్పండి" అన్నారు జడ్జిగారు.

డాక్టరు కలం కింద పెట్టి యంత్రం కేసి నడవబోతుంటే, క్లర్కు గబుక్కున ఆ కాగితం లాక్కుని, జడ్జిగారిని చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చేశాడు.

వారం తిరక్కుండా సంఘం అధ్యక్షురాలు స్వయంగా దిగారు. పెద్దకోర్టులో పాతికేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. సన్నగా, నిటారుగా ఉంటారు. ఎదుటివాడు అబద్ధం చెప్పబోతే ముందే తల అడ్డంగా ఊపుతారని ప్రతీతి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూడో హాలు ఆఖరి బల్ల మీద కూర్చుని, ఎన్ని "మళ్ళీ"లు వచ్చాయో చిన్న పుస్తకంలో గీతలు గీసుకున్నారు. క్లర్కు ప్రతి గీతనూ దూరం నుంచే చూశాడు. నలభై ఏడు.

కోర్టు లేచాక జడ్జిగారి గదిలో సమావేశం. అక్కడ జరిగే మాటలు రాసుకోవాలని స్టెనోగారిని పిలిచారు. కట్టలు అందించడానికి క్లర్కు గోడవారగా నిలబడ్డాడు.

"చెవులు బాగున్నాయని డాక్టరు రాశారు" అన్నారు అధ్యక్షురాలు. "మరి ప్రతిదీ రెండుసార్లు ఎందుకు అడుగుతున్నారు?"

జడ్జిగారు ఒకసారి కుడిపక్కకు చూసి, "మళ్ళీ చెప్పండి" అన్నారు.

క్లర్కు కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడ ఓపిగ్గా మళ్ళీ అడిగారు. "అలవాటండీ" అన్నారు జడ్జిగారు.

"మీ హాల్లో ఒక్కో కేసుకు మిగతావాళ్ళకంటే ఒకటిన్నర రెట్లు సమయం పడుతోంది. తెలుసా?"

"తెలుసండీ."

"పెద్దకోర్టులో ఏడు నెలల పని పేరుకుపోయింది. ఈ అలవాటుతో అక్కడ ఎలా నెగ్గుకొస్తారు? ఏదైనా కారణముంటే చెప్పండి, రాసుకుంటాను. లేదంటే మీ పేరు కొట్టెయ్యక తప్పదు."

జడ్జిగారు బల్ల మీద కాగితాలపై పెట్టిన గాజుగుండును అటూ ఇటూ దొర్లించారు. "కారణమేం లేదండీ. కొట్టెయ్యండి" అన్నారు.

క్లర్కుకు చేతికందిన బస్సు కళ్ళముందే వెళ్ళిపోతున్నట్టుంది. ఏదైనా చెప్పండి సార్, సాక్షుల కంగారు తగ్గాలని అనండి, నిజం తేలాలని అనండి, ఏదో ఒకటి అనండి అని లోపల్లోపల గింజుకున్నాడు. అప్పుడు టక్కున చప్పుడైంది. స్టెనోగారు పెన్సిలు బల్ల మీద పెట్టేశారు.

"ఇది నేను రాయలేనమ్మా" అన్నారు. "కారణం ఉంది. నేనే ఆ కారణం."

"మీరు ఊరుకోండి" అన్నారు జడ్జిగారు. ఆయన గొంతు అంత కటువుగా క్లర్కు ఎన్నడూ వినలేదు.

"పదకొండేళ్ళు ఊరుకున్నాను సార్, చాలు." ఆవిడ కుడిచెయ్యి చాచారు. బొటనవేలు కొయ్యముక్కలా బిగుసుకుపోయి ఉంది. "పదకొండేళ్ళ కిందట జబ్బుచేసి ఈ వేలు వంగడం మానేసింది. నా వేగం సగానికి పడిపోయింది. వేగం లేని స్టెనోని ఇంటికి పంపించేస్తారు. మా ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. తిరిగి పనిలో చేరిన మొదటిరోజు సాక్షి గడగడా చెప్పేశాడు, నేను రెండు వాక్యాలు వెనకపడ్డాను. సార్ నా చేతివైపు చూశారు. సాక్షివైపు తిరిగి మళ్ళీ చెప్పమన్నారు. ఆరోజు నుంచీ నా పెన్సిలు ఆగిందంటే చాలు, ఆ మాటే. ఇందాక మీరు మాట్లాడుతున్నప్పుడూ అంతే."

"మీరిద్దరూ ఎప్పుడూ దీని గురించి అనుకోలేదా?"

"లేదమ్మా. కృతజ్ఞత చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. చెబితే మళ్ళీ చెప్పమంటారని భయమేసింది."

అధ్యక్షురాలి పెదవులు వణికాయి. నవ్వు ఆపుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. జడ్జిగారివైపు తిరిగారు. "ఇంట్లోనూ ఇంతేనట కదా? అక్కడ స్టెనో లేదే!"

జడ్జిగారు తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా చెవి రుద్దుకున్నారు. "ఒక్క కోర్టులోనే అంటే ఎవరైనా పట్టేస్తారేమోనని... బయట కూడా మొదలుపెట్టానండీ. అదేదో నా స్వభావం అనుకుంటారని. తర్వాత ఆపడం చేతకాలేదు."

"మీ ఆవిడకు చెప్పారా?"

"లేదండీ. ఆవిడ పాపం ముగ్గురు చెవి డాక్టర్లని మార్చింది."

క్లర్కు గోడవైపు తిరిగి ఫైళ్ళు సర్దుతున్నట్టు నటించాడు. పదకొండేళ్ళు ఆ చేతికి మూడడుగుల దూరంలో కూర్చున్నాడు తను. బస్సు వెనకభాగం మీద ఏ రంగు గీతలున్నాయో చెప్పగలడు గానీ, ఆ వేలు మాత్రం ఒక్కసారీ కంటపడలేదు.

అధ్యక్షురాలు స్టెనోగారి నోటు పుస్తకం తీసుకుని పేజీలు తిప్పారు. ఎక్కడా కొట్టివేత లేదు. "ఈ హాలు నుంచి పైకి వచ్చిన అప్పీళ్ళు నేనూ కొన్ని విన్నాను. సాక్ష్యం తప్పు రాశారన్న ఫిర్యాదు ఒక్కదాంట్లోనూ లేదు. ఎందుకా అనుకునేదాన్ని" అన్నారు. తర్వాత స్టెనోగారివైపు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "ఇంతకీ ఇందాక ఏదో అన్నావు, ఏంటమ్మా అది? ఈ వయసులో నాకే సరిగ్గా వినపడి చావదు. వేలన్నావా, పన్ను నొప్పి అన్నావా?"

స్టెనోగారు తెల్లబోయి చూశారు.

"పన్నండీ! పన్ను నొప్పేనండీ!" అన్నాడు క్లర్కు గోడ దగ్గర్నుంచి.

"అదే అనుకున్నాను. పన్ను నొప్పి ఎక్కడా రాయక్కర్లేదు" అంటూ అధ్యక్షురాలు లేచారు. నలభై ఏడు గీతలున్న పేజీ చింపి మడిచి సంచిలో వేసుకున్నారు.

నెల తిరక్కుండా పెద్దకోర్టులో ఖాళీ కుర్చీ నిండింది. ప్రమాణ స్వీకారానికి మూడో హాలు మొత్తం కదిలి వెళ్ళింది. జడ్జిగారి భార్యకు అసలు సంగతి ఆ ముందురోజే తెలిసిందట. సభలో ఆయన పక్కన కూర్చుని, కనిపించిన ప్రతివాళ్ళతోనూ, "ఈయన చెవులు శుభ్రంగా ఉన్నాయండీ, నా మాట వినకపోవడం ఒక్కటే మామూలు జబ్బు" అని చెబుతూనే ఉంది.

మూడో హాలుకు కొత్త జడ్జిగారు వచ్చారు. వయసులో చిన్నవారు, చురుకైనవారు. సాక్షి చెప్పేది ఆయన బుర్రలోకి చెప్పకముందే వెళ్ళిపోయేది. "ఊఁ, తర్వాత? ఊఁ, తర్వాత?" అని తరుముతూ ఉండేవారు. మొదటిరోజు మూడో సాక్షి దగ్గరికి వచ్చేసరికి క్లర్కుకు కుడిపక్క నుంచి ఏదో లోటుగా అనిపించింది. చూస్తే స్టెనోగారి పెన్సిలు గాల్లో నిలబడి ఉంది.

క్లర్కుకు దగ్గు వచ్చింది.

మామూలు దగ్గు కాదు. కిటికీ అద్దాలు అదిరాయి. సాక్షి చెప్పడం ఆపాడు. కొత్త జడ్జిగారు మంచినీళ్ళు ఇవ్వమన్నారు. క్లర్కు గుక్క గుక్కగా, దాహం తీరనివాడిలా నీళ్ళు తాగి, పెన్సిలు కదిలి, సాగి, వాక్యం చివర చుక్క పెట్టడం చూసి, "ఇప్పుడు తగ్గిందండీ" అన్నాడు.

ఆ రోజు పద్నాలుగుసార్లు దగ్గాడు. మర్నాడు పంతొమ్మిది.

"మీరు డాక్టరుకి చూపించుకోకూడదూ?" అన్నారు కొత్త జడ్జిగారు జాలిగా.

"పాత ఫైళ్ళ దుమ్మండీ. మందుల్లేవు" అన్నాడు.

రెండు వారాలకే ప్లీడర్లు అతనికి దగ్గు క్లర్కు అని పేరు పెట్టేశారు. ఒక సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక, స్టెనోగారు వెళ్తూ వెళ్తూ అతని బల్ల మీద చిన్న రేకుడబ్బా పెట్టారు. మూత తీస్తే దగ్గుబిళ్ళలు.

"నాకు దగ్గేం లేదండీ" అన్నాడు మొహమాటంగా.

"తెలుసు" అన్నారావిడ. "కానీ గొంతు నొప్పెడుతుంది కదా."

ఆవిడ వెళ్ళాక క్లర్కు ఒక బిళ్ళ బుగ్గన పెట్టుకున్నాడు. రేపటి కేసుల జాబితా ముందేసుకుని, సాక్ష్యం పొడుగ్గా ఉండేలా కనిపించిన ప్రతిచోటా పెన్సిలుతో ఒక చుక్క పెట్టుకుంటూ వచ్చాడు.