మూడు తాళంచెవులూ సెలవు పెట్టిన రోజు

నా పెళ్ళిలో, నా తెలివివల్ల, ఒక పాల డైరీ మునిగిపోబోయింది. అందరి పెళ్ళిళ్ళలో మహా అయితే సాంబారు చాలదు. మన స్థాయి వేరు.

కంకిపాడు దగ్గర చిన్న డైరీలో మేనేజరుగా చేరిన కొత్తలో, ఏ ఆపదొచ్చినా పని ఆగకుండా ఒక ప్లాను రాయమన్నారు ఎండీ గారు. వరద, తుఫాను, అగ్నిప్రమాదం, ఏదీ వదలకుండా నలభై పేజీలు రాశాను. నాకు ముద్దొచ్చిన పేజీ మాత్రం జనరేటర్ గదిది. డీజిలు పోతోందని ఆ గదికి కొబ్బరిబోండాం అంత తాళం కొన్నాను. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటే ప్రమాదమని, ల్యాబు చూసే మేరీ గారికొకటి, సూపర్‌వైజర్ సలీం గారికొకటి ఇచ్చి, మూడోది నేనుంచుకున్నాను. "ముగ్గురూ ఒకేసారి ఎక్కడికి పోతారండీ?" అని మీటింగులో ఛాతీ విరుచుకుని అడిగాను కూడా.

నెల తిరక్కుండా గన్నవరంలో నా పెళ్ళి. పీటల మీద ఉండగా డైరీ నుంచి ఆపరేటర్ వెంకటేశ్వర్లు ఫోను.

"సార్, కరెంటు పోయింది. పొద్దుటి పాలన్నీ ట్యాంకులోనే ఉన్నాయి. ఆలస్యమైతే విరిగిపోతాయండీ."

"కంగారెందుకు? తాళంచెవి సలీం గార్ని అడుగు."

"లీవండీ."

"మేరీ గారు?"

"ఆవిడా లీవేనండీ."

"ఇద్దరికీ ఒకే రోజు లీవు ఎవరిచ్చారయ్యా?"

"మీరేనండీ."

తలెత్తి చూశాను. ముందు వరసలో పట్టుచీరలో మేరీ గారు, పక్కనే అత్తరు పూసుకున్న సలీం గారు నాకు చెయ్యూపుతున్నారు.

"అయితే తాళం పగలగొట్టెయ్."

"గునపంతో కొట్టానండీ. గునపం వంగింది."

ఊళ్ళ నిండా రైతులు పొద్దున్నే లేచి పితికిన పాలు. సైగ చేస్తే సలీం గారు దగ్గరికొచ్చారు. ఆయన తాళంచెవీ, మేరీ గారిదీ ఇళ్ళల్లో బీరువాల్లో భద్రంగా ఉన్నాయట. నాది మరీ భద్రంగా నా మొలతాడుకి కట్టి ఉంది. పంచెలో చెయ్యిపెట్టి ఆ ముడితో కుస్తీ మొదలెట్టాను.

పంతులు గారు మంత్రం ఆపారు. "బాబూ, ఇప్పుడు కట్టాల్సింది తాళి. తాళం సంగతి తరవాత."

ఎదురుగా కూర్చున్న పెళ్ళికూతురు మెల్లగా అంది: "ముందు అదే ఇచ్చి పంపించండి. కంగారులో నా మెళ్ళో కట్టేస్తారు."

సలీం గారు తాళంచెవి తీసుకుని, భోజనం కూడా చెయ్యకుండా బండెక్కారు. తలంబ్రాలు పోసుకుంటుండగా మళ్ళీ ఫోను మోగింది. వెంకటేశ్వర్లు జనరేటర్ మోత వినిపించాడు. సన్నాయి కూడా అంత కమ్మగా లేదు. పాలు దక్కాయి.

అక్షింతలు వెయ్యడానికొచ్చిన ఎండీ గారు నా చెవిలో అన్నారు: "వరద రాశావు, తుఫాను రాశావు. నీ పెళ్ళి రాయలేదేమయ్యా?"

అక్కడికక్కడే అగ్నిసాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను, ఇకమీదట నేను ఎప్పుడు పెళ్ళి చేసుకున్నా ఆ ఇద్దరిలో ఒకరిని డ్యూటీలోనే ఉంచుతానని. కొంచెం పైకే అన్నట్టున్నాను. మా ఆవిడ పళ్ళెంలో మిగిలిన తలంబ్రాలన్నీ ఒక్కసారే నా నెత్తిన కుమ్మరించింది.