చెయ్యెత్తితేనే సిగ్నల్

సెఫీనా కుడిచెయ్యి ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది. సవాయి దీవిలోని ఆ ఊళ్లో సిగ్నల్ అందేది సముద్రపు గోడ మీద ఒక్కచోటే, అదీ ఫోను తలపైకి ఎత్తితేనే. నర్సు చదువు ప్రవేశ పరీక్షకు పాఠాలన్నీ మెసెంజర్ గ్రూపులోనే వస్తాయి కనుక బడి వదలగానే అక్కడికి చేరుతుంది. మెడ వంచి చదువుతుంది, చెయ్యెత్తి జవాబులు పంపుతుంది, భుజం నొక్కుకుంటూ మళ్లీ చదువుతుంది. ఆ సాయంత్రం ప్రవేశ పరీక్ష జవాబులు సగం వెళ్లాయో లేదో, ప్రార్థన శంఖం మోగింది. శంఖం మోగాక దారిలో ఉన్నవాళ్లు ఉన్నచోటే కూర్చుని తల వంచాలి. తప్పితే ఇంటివాళ్లు ఊరికి ఓ పందిని జరిమానాగా ఇచ్చుకోవాలి. సెఫీనా తల వంచి, చెయ్యి దించింది. జవాబులు వెళ్తున్నట్టు తెరమీద కదులుతున్న గీత ఆగిపోయింది. ప్రార్థన ముగిసేలోపే పరీక్ష గడువూ ముగిసిపోతుంది. చెయ్యి మెల్లగా పైకి లేపింది.

"ఏమే పిల్లా, దేవుడితో సెల్ఫీ దిగుతున్నావా?" ప్రార్థనవేళ ఎవరూ కదలకుండా కర్ర పట్టుకుని కాపలా తిరుగుతున్న ఇయోపు వెనకే నిలబడి ఉన్నాడు.

"పరీక్ష బాబాయ్, ఒక్క నిమిషం..."

"నోర్మూసుకో. ఇటివ్వు!"

ఫోను లాక్కుని, "ఇదిగో, దొంగ దొరికింది!" అంటూ అవతలి కాపలావాళ్లకు కనబడేలా పైకెత్తాడు. ఇళ్లలో కీర్తన మొదలైంది. అది సాగినంతసేపూ ఆ చెయ్యి దిగలేదు. సెఫీనా కళ్లు మూసుకోలేదు. చివరి ఆమెన్‌కు ముందే, జవాబులన్నీ అందాయంటూ ఫోను టింగుమంది.

ఇయోపు దాన్ని ఆమె ఒళ్లో పడేసి, భుజం నొక్కుకున్నాడు.

"రోజూ ఎలా పట్టుకుంటున్నావే దీన్ని?"