తలుపు వేసుకుని చేసిన ఫ్రాన్స్ ప్రయాణం

మా ఇంట్లో సైకిల్‌కి వెనక చక్రం ఉండేది కాదు. మా ఆయన దాన్ని ఊడదీసి, గొలుసు ఉన్న వైపుని ఒక ఇనుప స్టాండుకి బిగించి, టీవీకి ఎదురుగా నిలబెట్టాడు. తొక్కితే సైకిల్ అంగుళం కూడా కదలదు, టీవీలో దారి మాత్రం కదులుతుంది. గట్టిగా తొక్కితే గబగబా, మెల్లగా తొక్కితే మెల్లగా. జెర్సీ సిటీలో ఇరవై రెండో అంతస్తులో, సోఫాకీ డైనింగ్ టేబుల్‌కీ మధ్య కూర్చుని ఆయన రోజూ ఫ్రాన్స్ తిరిగొచ్చేవాడు. చెమట మాత్రం నా కార్పెట్ మీద కారేది.

ఆ వీడియో తీసింది ఎవరో తెలియదు. అందులో మాట ఉండదు, పాట ఉండదు. టైరు చప్పుడు, పిట్టల అరుపులు, ఎప్పుడైనా ఒక చర్చి గంట. ఎండ వెనక నుంచి పడ్డప్పుడు తొక్కేవాడి నీడ రోడ్డు మీద కనిపిస్తుంది గానీ మనిషి కనిపించడు. దారికి రెండు పక్కలా ద్రాక్షతోటలు, నూనె రాసి దువ్విన తలలా వరసలు తీరి ఉంటాయి. మోకాలెత్తు రాతి గోడలు. ఊళ్లు ఎంత చిన్నవంటే, ఊరు వచ్చిందని మనం అనుకునేలోపు అయిపోతాయి. ఒక ఊరి మధ్యలో పెంకుల కప్పు కింద పెద్ద రాతి తొట్టి ఉంది. వందల ఏళ్ల కిందట ఆడవాళ్లంతా అక్కడే బట్టలు ఉతుక్కునేవారట. ఆ ఊరు దాటాక మలుపులో ఒక ముసలాయన కుక్కతో నిలబడి ఉంటాడు. రోజూ అదే చోట, అదే చొక్కా. మా ఎనిమిదేళ్ల అమ్మాయి టీవీ ముందు నుంచి వెళ్తూ ఆయనకి చెయ్యి ఊపేది.

ఆ దారిలో నిజంగా తొక్కాలని మా ఆయనకి ఎప్పటినుంచో కోరిక. ఏప్రిల్‌లో అమ్మాయి స్కూలుకి ఇచ్చే స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి ముగ్గురం వెళ్దామని టికెట్లు, సైకిళ్లు, రాతి ఇళ్లలో గదులు అన్నీ బుక్ చేశాడు. చేసినవాడు ఊరుకుంటాడా? కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాడు. పుట్టినరోజు పార్టీల్లో చెప్పాడు. ఐసెలిన్‌లోని ఇండియన్ షాపుల్లో నేను చీరలు చూసుకుంటుంటే, అక్కడ భార్యల కోసం కూర్చున్న మగవాళ్లందరికీ ఫోన్ తీసి ద్రాక్షతోటలు చూపించాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆయన మీటింగ్ ఉందని గదిలోకి వెళ్లి, కాఫీ చల్లారకముందే బయటికి వచ్చాడు. ఉద్యోగం పోయింది. మధ్యాహ్నానికి లాప్‌టాప్ కూడా తెరుచుకోలేదు. మాది హెచ్ వన్ వీసా. ఉద్యోగం పోతే రెండు నెలల గడువు. ఆలోగా ఇంకో కంపెనీ మన పేరు మీద పేపర్లు ఫైల్ చేయాలి, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. ఈ మధ్యలో దేశం దాటి వెళ్తే తిరిగి రానివ్వరు. అంటే ఉద్యోగంతోపాటే ఫ్రాన్స్ కూడా ఆ పొద్దునే పోయింది. మా అమ్మాయికి ఇవేవీ తెలియవు. అది ఇక్కడే పుట్టింది, దానికి ఇల్లంటే ఈ అపార్ట్‌మెంటే, తన స్కూలు, తన స్నేహితులు, అంతే.

ఎవరికీ చెప్పొద్దన్నాడు మా ఆయన. మావాళ్లలో ఉద్యోగం పోయిందని చెప్పుకోవడం రోగం వచ్చిందని చెప్పుకోవడం కంటే కష్టం. రోగమైతే కనీసం పులిహోర చేసి తెచ్చి పలకరిస్తారు. పైగా ఈయన కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి ఇంటర్వ్యూలు ఎలా ఇవ్వాలో నేర్పే మనిషి, అందరూ సలహా అడిగే మనిషి. కొత్త ఆఫర్ వచ్చాక పాతది పోయిందని చెబుదాం, అప్పుడు చులకన అవ్వం అన్నాడు. నాకూ అది సబబుగానే అనిపించింది.

ఆఫర్ రాలేదు. పొద్దున ఫోన్లు, మధ్యాహ్నం ఎదురుచూపులు, సాయంత్రం "మరొకరిని ఎంచుకున్నాం" అనే మెయిళ్లు. మెయిల్ వచ్చిందంటే లేచి సైకిల్ ఎక్కేవాడు. నేను వంటింట్లో నిలబడి ఆ టైరు చప్పుడు వినేదాన్ని. మొదట్లో జాలేసేది. తర్వాత తర్వాత ఒళ్లు మండేది. ఎంత తొక్కినా ఈ సోఫా దగ్గరే ఉంటావు కదా, దిగు, దిగి ఎవరికైనా ఫోన్ చెయ్యి అని అరవాలనిపించేది. ఒకసారి అరిచాను కూడా. ఆయన దిగలేదు, టీవీ సౌండ్ తగ్గించాడు.

ఇంతలో స్ప్రింగ్ బ్రేక్ దగ్గరపడింది. మా ఫ్లోర్‌లోనే, మూడు తలుపుల అవతల, కరీంనగర్ వైపు వాళ్లు ఒకరు ఉండేవారు. మా ఆయన ఆయన్ని అన్నా అంటాడు, ఆయన మా ఆయన్ని తమ్మీ అంటాడు, నాకు వాళ్లావిడ వదిన. మాన్‌హాటన్‌లో ఒక పెద్ద ఫైనాన్స్ కంపెనీలో పనిచేస్తాడు. మేం వెళ్తున్నామని మాకన్నా వాళ్లకే సంబరం. వదిన మా తాళంచెవి అడిగింది, కరివేపాకు మొక్కకి నీళ్లు పోస్తానని. తాళంచెవి ఎందుకులే వదినా అని ఆ కుండీనే మోసుకెళ్లి వాళ్ల బాల్కనీలో పెట్టి వచ్చాను. అప్పటికైనా ప్రయాణం కాన్సిల్ అయిందని చెప్పి ఉండవచ్చు. కానీ ఎందుకు అని అడుగుతారు. ఒక అబద్ధం చెబితే ఇంకోటి చెప్పాల్సి వస్తుంది. ఈ వారం తలుపు వేసుకుని గడిపేస్తే చాలు, ఈలోగా ఆఫర్ వస్తుంది అన్నాడు మా ఆయన.

అలా మేం ఫ్రాన్స్ వెళ్లాం.

తెలుగువాళ్లు తమ ఇంట్లో తాము దాక్కోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. తాలింపు వేయడానికి లేదు, వాసన కారిడార్ అంతా కొడుతుంది. కుక్కర్ పెట్టడానికి లేదు, విజిల్ వినబడుతుంది. వారమంతా బ్రెడ్డు, పెరుగన్నం, పాలల్లో కార్న్‌ఫ్లేక్స్. అన్నం కూడా మైక్రోవేవ్‌లో వండాను. కర్టెన్లు తీయలేదు. అమ్మాయికి మేజోళ్లు తొడిగి, పరిగెత్తొద్దని బతిమాలాను. అది ఒకరోజు నా పక్కన కూర్చుని, "అమ్మా, మనం ఏం బ్యాడ్ థింగ్ చేశాం?" అని అడిగింది. ఏమీ చేయలేదురా అన్నాను. అది నమ్మలేదు. దాని మొహం చూడలేక లేచి వెళ్లి, ఉతికిన బట్టలే మళ్లీ మడతపెట్టాను.

సోమవారం మా ఆయనకి ఒక ఇంటర్వ్యూ ఉంది. గోడ అవతల ఎవరైనా వింటారని బట్టల క్లాజెట్‌లో, నా చీరల కింద కూర్చుని మాట్లాడాడు. అవతలివాళ్లు కాస్త గట్టిగా మాట్లాడమని అడుగుతూనే ఉన్నారు. ఈయన గొంతు పెంచడం, కారిడార్‌లో అడుగుల చప్పుడు వినబడితే మళ్లీ తగ్గించడం. తనకి బాగా తెలిసిన సంగతులే, కుర్రాళ్లకి నేర్పిన సంగతులే, దొంగలా గుసగుసగా చెబితే ఎవరు నమ్ముతారు? బయటికి వచ్చేసరికి చొక్కా తడిసిపోయి ఉంది. అయిపోయింది అన్నాడు. ఆ రోజు ఆయన సైకిల్ కూడా ఎక్కలేదు, గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. నాకు మొదటిసారి నిజంగా భయమేసింది. వీసా పోతుందని కాదు, ఈ మనిషి ఏమైపోతాడోనని.

మంగళవారం వదిన ఫోటోలు పెట్టమని మెసేజ్ చేసింది. ఇంకెంతసేపు ఊరుకుంటాం? మా ఆయన వీడియో ఆపి, మంచి చోటు చూసి, స్క్రీన్ మీద బొమ్మని కంప్యూటర్‌లో తీసి అన్నకి పంపాడు. తోటల మధ్య నుంచి కొండ మీది ఊరికి పోయే ఖాళీ రోడ్డు, దూరంగా చర్చి శిఖరం. నిజంగానే అందంగా ఉంది. అన్న వెంటనే సూపర్ అని, ఎంజాయ్ చెయ్ అని జవాబిచ్చాడు. దాంతోపాటే, ఆదివారం ఎయిర్‌పోర్ట్‌కి తానే వస్తానన్నాడు.

మావాళ్లలో అదొకటి. దూరం నుంచి వచ్చినవాళ్లు క్యాబ్ ఎక్కితే మనకి అవమానం. వద్దన్నా వింటారా? ఫ్లైట్ నంబర్ పంపమన్నాడు. మేం ఎక్కని ఫ్లైట్ నంబర్ పంపాం.

ఆదివారం తెల్లవారుజామున రెండు పెట్టెల్లో దిండ్లు కుక్కి, వెనక మెట్ల మీదుగా గరాజ్‌లోకి దిగి, క్యాబ్‌లో న్యూఆర్క్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాం. ఆ ఫ్లైట్ లేటు. సాయంత్రం దాకా బర్గర్లు తింటూ కుర్చీల్లో పడి ఉన్నాం. చివరికి ఆ ఫ్లైట్‌వాళ్లు బయటికి వస్తుంటే వాళ్లలో కలిసి నడిచాం. వాళ్ల ముక్కులు ఎండకి ఎర్రబడి ఉన్నాయి, నవ్వుకుంటున్నారు. ఒకావిడ చేతిలో పొడుగాటి బ్రెడ్డు ఉంది. ఏ పాపమూ ఎరగని ఆవిడని చూస్తే నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. అమ్మాయి నా చెయ్యి లాగి, "నౌ మనం వచ్చేసినట్టేనా?" అంది. అవునన్నాను.

అన్న మా పెట్టె ఎత్తి, ఇంత తేలిగ్గా ఉందేంటి, ఏమీ కొనలేదా అని నవ్వాడు. మా ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు, నేనూ అమ్మాయీ వెనక. వదిన మా కోసం బగారన్నం చేసి పెట్టిందని చెప్పాడు. కారు హైవే ఎక్కాక ఏదో గుర్తొచ్చినట్టు మొదలుపెట్టాడు.

"నీకు చెప్పుడు మర్చిన తమ్మీ. మంగళారం మా మేనేజర్ అడిగిండు, వెంటనే జాయిన్ అయ్యేటోళ్లు ఎవరన్న ఉన్నరా అని. హెచ్ వన్ అయినా ఫైల్ చేస్తరు. ఫస్ట్ నువ్వే యాదికొచ్చినవ్. ఎప్పుడో అన్నవ్ గద, ఫైనాన్స్‌లకు రావాలని. నీకు కొడ్దామని ఫోన్ తీసిన. గప్పుడే నీ ఫోటో వచ్చింది. జిందగీల ఒక్కసారి పోయిండు, ఎందుకు డిస్టర్బ్ చేసుడు అని మా కాలేజ్ పిలగానికి చెప్పిన. బుధారమే ఆఫర్ ఇచ్చిన్రు."

వెనక నుంచి మా ఆయన తల మాత్రమే నాకు కనిపిస్తోంది. మామూలు గొంతుతోనే, ఇంకో ఓపెనింగ్ ఏదైనా ఉందా అని అడిగాడు. అన్న నవ్వాడు. సెటిలైన మనిషివి, నీకేం తొందర, ఇంకోటి వచ్చినప్పుడు చెప్తాలే అన్నాడు.

"లేదన్నా," అన్నాడు మా ఆయన. "నన్ను ఫిబ్రవరిలోనే తీసేశారు. మేం ఫ్రాన్స్ వెళ్లలేదు. ఇంట్లోనే ఉన్నాం."

అన్న ఒకసారి ఆయన వైపు, ఒకసారి అద్దంలో నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఎందుకు దాచారని ఆయన అడగలేదు, ఫోటో ఎక్కడిదని అడగలేదు. ఈ దేశంలో మాలాంటివాళ్లు మొదట అడిగే మాటే అడిగాడు.

"గడువు ఎప్పటిదాక ఉంది?"

"ఈ వచ్చే శుక్రవారం దాకా."

రేపు పొద్దున ఎవరైనా ఆఫర్ చేతిలో పెట్టినా, వీసా ఫైల్ చేయాలంటే ముందు లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి కాయితం రావాలి, దానికే వారం పైన పడుతుంది. ఆ సంగతి పెద్దవాళ్లం ముగ్గురికీ తెలుసు. అన్న స్టీరింగ్ మీద వేళ్లతో రోజులు లెక్కపెట్టుకోవడం నేను చూశాను. ముందుకి ఒకసారి లెక్కపెట్టాడు. తర్వాత వెనక్కి లెక్కపెట్టాడు.

"మంగళారం చెప్పినా అయితుండె తమ్మీ," అన్నాడు.

మా ఆయన తల ఊపాడు. అమ్మాయి నిద్రపోయింది, దాని బరువంతా నా భుజం మీద ఉంది. నేను చున్నీ నోట్లో కుక్కుకుని ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను.