మూడోసారి పాసైన లెన్సు

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు మొదలైన కొత్తలో, ఆ దగ్గర్లోనే ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేశాను. శుక్లం తీశాక కంట్లో పెట్టే లెన్సులు అక్కడ తయారయ్యేవి. వాటిని పరీక్షించడం నా పని. ఉప్పునీటి గిన్నెలో లెన్సు ఉంచి, దాని గుండా సన్నటి గీతల బొమ్మను చూడాలి. గీతలు విడివిడిగా కనిపిస్తే పాస్, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే ఫెయిల్. ఇంతే. ఇందులో వాదనకు చోటెక్కడుంది?

మా మేనేజరు చోటు చేశాడు. ఫెయిలైనదాన్ని మూడుసార్లు చూడాలట. కాస్త తిప్పి, కాస్త జరిపి, ఒక్కసారి గీతలు విడిపోయినా పాసేనట. అలా పాసైనవాటికి వేరే ట్రే. అవి ఉచిత కంటి శిబిరాలకు వెళ్లేవి.

"గుడ్డి కన్నా మెల్ల నయం కదమ్మా. వాళ్లకు ఎంత కనపడితే అంత లాభమే," అన్నాడొకసారి, తాపీగా టీ తాగుతూ. ఒళ్లు మండిపోయింది. కన్నతల్లి కంట్లో అయితే ఆ ట్రేలోది పెట్టిస్తాడా? అడగలేదు. నోరు మూసుకుని రెండేళ్లపాటు మూడోసారి చూస్తూనే ఉన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మాకు టీ తెచ్చే పెద్దావిడ మహేశ్వరం నుంచి వచ్చేది. ఊళ్లో మళ్లీ శిబిరం పెడుతున్నారని, తన రెండో కంటికి ఆపరేషన్ రాశారని ఒకరోజు సంబరంగా చెప్పింది. ఆ శిబిరానికి లెన్సులు పంపేది మేమే.

ఆ మధ్యాహ్నం కత్తెర తీసుకుని ట్రేలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే రెండు ముక్కలు చేశాను. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"పిచ్చి పట్టిందా నీకు?"

"ఇన్నాళ్లూ పట్టే ఉంది. ఇప్పుడే వదిలింది," అన్నాను. రేపటి నుంచి రావద్దన్నాడు. రమ్మన్నా వచ్చేదాన్ని కాదు.

గేటు దగ్గర టీ తెచ్చే పెద్దావిడ ఎదురైంది. భయపడొద్దని, ఈసారి మంచి లెన్సే పడుతుందని చెప్పాను.

"నాకేం భయం బిడ్డా, అన్నీ నువ్వు చూసినవేనాయె," అంది నవ్వుతూ. "పోయినేడు ఈ కంటికి ఏసింది గూడ గిక్కడిదేనంట. ఎదురుంగ బస్సొస్తే నంబరంత అలుక్కపోయి కనవడ్తది. నా కన్నే ఖరాబు, అద్దం ఏం జేస్తది?"