ఇనుప స్టూలు

ఈ ఉదయం ఆయమ్మ వార్డు తుడుస్తూ ఇనుప స్టూలును నాపరాళ్ళ మీద బరబరా ఈడ్చింది. వరండాలో ఓపీ చీట్లు రాస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆ స్టూలు యోహాను అయ్యగారిది. నరసరావుపేటలోని మా మిషను ఆసుపత్రిలో ఆయన చాప్లిన్, అంటే రోగుల పక్కన కూర్చుని కష్టసుఖాలు వినే పాస్టరు. మోకాళ్ళ నొప్పులతో స్టూలు ఎత్తలేక, మంచం నుంచి మంచానికి ఈడ్చుకుంటూ తిరిగేవారు.

నేను ఆరో తరగతిలో బడికి సెలవు పెట్టాను. ఆ సెలవు ఇంకా అయిపోలేదు. కారంపూడి దగ్గర క్వారీలో బండ జారి కాలు మీద పడితే ఈ వార్డుకు చేరాను. నాకంటూ ఎవరూ లేరు. తోటి పనివాళ్ళు వారం రోజులు వచ్చి మానేశారు. ఏం తోచక వార్డును నవ్వించడం మొదలుపెట్టాను. "ఆ స్టూలు ఎవడి మంచం కాడ ఆగితే వాడి పని అయిపోయినట్టేరోయ్!" అన్నానొకరోజు. అందరూ పగలబడి నవ్వారు. మర్నాటి నుంచి ఆ చప్పుడు వినపడగానే వరసగా అందరూ దుప్పట్లు ముసుగుతన్నేవారు. అయ్యగారు రెండు వరసలూ తిరిగి, ఎక్కడా కూర్చోకుండా వెళ్ళిపోయేవారు. అది చూసి కూడా నవ్వాను.

ఒకరోజు స్టూలు నా దగ్గరే ఆగింది.

"ఏంది అయ్యగారూ, నా పని అయిపోయిందా?"

"నీది కాదురా, నా మోకాళ్ళ పని అయిపోయింది. వార్డు మొత్తంలో మేలుకొనున్నోడివి నువ్వొక్కడివే."

ఆ జోకు ఎవరిదో ఆయనకు తెలుసు. తెలిసే నా దగ్గర కూర్చున్నారు.

ఆ వారమే డాక్టరు కాలు తీసెయ్యాలన్నారు, లేకపోతే ప్రాణానికే ముప్పన్నారు. సంతకం అడిగినప్పుడల్లా, "రెండు కాళ్ళతో వచ్చా, రెంటితోనే పంపండి" అని నవ్వించి పంపేశాను. అయ్యగారు మాత్రం నవ్వలేదు.

"కాలు మిగులుద్దని ఒక్క మాట చెప్పండి అయ్యగారూ," అన్నాను.

"ప్రార్థన చేస్తా. మిగులుద్దని మాత్రం చెప్పలేను. నీకు మెలకువొచ్చేసరికి ఇక్కడుంటా. అది చెప్పగలను."

సంతకం పెట్టాను. ఆపరేషనయ్యాక కళ్ళు తెరవకముందే బరబరా వినిపించింది. ఏడ్చాను. దుప్పటి చదునుగా ఉన్న చోట చెయ్యి వేసి ఆయన అలాగే కూర్చున్నారు.

కట్టుడు కాలు వచ్చింది. ఆయన చెబితే ఈ చీట్ల పనీ వచ్చింది. కొన్నేళ్ళకు ఆయనే గుండె జబ్బుతో అదే వార్డులో చేరారు. భార్య పోయాక ఆయనకూ ఎవరూ లేరని అప్పుడే తెలిసింది. అన్నేళ్ళలో నేను అడగనేలేదు. రోజూ గుమ్మంలో నిలబడి ఒక జోకు వేసి వచ్చేసేవాణ్ణి.

"స్టూలు లాక్కోరా, కాసేపు కూర్చుందువు," అన్నారొకరోజు.

"చీట్లున్నాయి అయ్యగారూ. సాయంత్రం వస్తా."

సాయంత్రం మెట్ల దాకా వెళ్ళాను. చెప్పడానికి కొత్త జోకు దొరకలేదు. వెనక్కి తిరిగాను.

తెల్లారి వెళ్తే మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. పక్కనే స్టూలు. "నీ కోసమే వేయించుకున్నారు," అంది సిస్టరు. "ఇంకెవర్నీ కూర్చోనియ్యలా. వాడొస్తానన్నాడు అంటానే ఉన్నారు."

అప్పట్నుంచి డ్యూటీ దిగాక నేనే మంచాల దగ్గర కూర్చుంటున్నాను. ప్రార్థనలు నాకు రావు. స్టూలును మాత్రం ఎత్తుకునే వెళ్తాను. ఆ చప్పుడు చేసే ధైర్యం నాకు లేదు. కానీ ఉదయం విన్నది రోజంతా చెవిలోనే ఉంది. ఈ సాయంత్రం మొదటిసారి దాన్ని ఈడ్చాను. మూడు రోజులుగా చూడవచ్చినవాళ్ళెవరూ లేని వెల్దుర్తి ముసలాయన దుప్పటి కొస ఎత్తి చూశాడు. నా పాత జోకు ఈ వార్డును ఇంకా వదల్లేదు.

"ఏందయ్యా, నా పని అయిపోయిందా?"

"లేదు పెద్దాయనా. నాకే ఒక్కడికీ తోచట్లా. కాసేపు కూర్చోనా?"

ఆయన కాళ్ళు పక్కకు జరుపుకున్నాడు.